మన్నా అనే మాటను మూలం దాకా వెతకడం ఎలా

బైబిలులో ఇశ్రాయేలీయులకు అరణ్యంలో దొరికిన ఆహారానికి పేరైన మన్నా అనే మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోగోరేవారు నిఘంటువు జోలికి పోకముందే నిర్గమకాండము 16వ అధ్యాయంలోని 15, 31 వచనాలను పక్కపక్కన పెట్టుకొని చదవాలి. ఆకలితో సణిగిన ఇశ్రాయేలీయులు మంచు ఇగిరిపోయాక నేలమీద కనిపించిన సన్నని కణాలను చూసి "ఇదేమి" అని ఒకరితో ఒకరు అనుకొన్నారని మొదటిదానిలో ఉంటుంది. దానికి మన్నా అని పేరు పెట్టారని రెండవదానిలో ఉంటుంది. తెలుగు పాఠంలో ఈ రెండింటికీ గల సంబంధం కనబడదు. మూలభాషయైన హెబ్రీలో ఆ ప్రశ్న "మన్ హూ", ఆ పేరు "మన్". అంటే అడిగిన ప్రశ్నే పేరుగా స్థిరపడింది. మీ ప్రతిలో 15వ వచనం అంచున "మన్ హూ" అని పెన్సిలుతో రాసుకొంటే చాలు, సగం పని అయినట్టే.

మిగిలిన సగమే కష్టం. హెబ్రీలో "ఏమి" అనడానికి వాడుక మాట "మా". అదే వచనంలో "అదేమిటో వారికి తెలియలేదు" అన్నచోట ఆ మాటే ఉంది. అందుచేత "మన్" అన్నది పాత కనాను ప్రాంతపు ప్రశ్నార్థక రూపమని కొందరు పండితులూ, కాదు, అరబ్బీ "మన్న్" వలె వరమనే అర్థం గల మాటకు కథనమే ఆ తరువాత ప్రశ్నను జోడించిందని మరికొందరూ అంటారు. కథనం చెప్పే వ్యుత్పత్తిని (మాట పుట్టుకను), భాషాశాస్త్రం ఊహించే వ్యుత్పత్తిని మీ రాతలో వేరువేరుగా ఉంచండి. బోధకులు సాధారణంగా తడబడేది ఇక్కడే. మన "మన్నా" రూపం మాత్రం హెబ్రీది కాదు, గ్రీకు అనువాదంలో కనిపించేది. ఖురానులోనూ ఈ మాట పూరేడు పిట్టలతో కలిసి వస్తుంది. ఉర్దూ తెలిసిన హైదరాబాదీలకు "మన్నో సల్వా" (మన్నా, పూరేళ్లు) పరిచితమే.

తరువాత వస్తువు సంగతి చూడాలి. కొత్తిమీర గింజలాంటి ఆ పదార్థాన్ని తిరుగట విసిరి, దంచి, ఉడికించి, రొట్టెలు చేసుకొన్నారని సంఖ్యాకాండము 11వ అధ్యాయం వంటింటి వివరాలతో చెబుతుంది. 1927లో సీనాయి ప్రాంతానికి వెళ్లిన కీటక శాస్త్రజ్ఞుడు బోడెన్‌హైమర్, అక్కడి టామరిస్క్ చెట్ల రసం పీల్చే పొలుసు పురుగులు విసర్జించే తీపి బిందువులే మన్నా అన్నాడు. అయితే అవి ఏడాదిలో కొన్ని వారాలే, అదీ కొద్దిగానే దొరుకుతాయి. గ్రంథం చెప్పేది 40 ఏళ్లపాటు, ఆరవ దినాన రెట్టింపుగా దొరికిన ఆహారం గురించి. ఈ పోలిక వస్తువును ఊహించుకోవడానికి పనికివస్తుంది గానీ మాట అర్థాన్ని తేల్చదు.

పరలోకపు ఆహారమనే అర్థం కోసం 78వ కీర్తన 24వ వచనంలోని "ఆకాశధాన్యము"ను చూసి, ఆపైన యోహాను సువార్త 6వ అధ్యాయం 31 నుండి 51 వరకు చదవండి. అరణ్యంలో మన్నా తిన్న పితరులు చనిపోయారని గుర్తుచేసి, పరలోకము నుండి దిగివచ్చిన జీవాహారము తానేనని యేసు చెప్పేది అక్కడే.