పాత పహాణీల్ల మన ముత్తాతను ఎట్ల దొరకబట్టాలె

మా నాయినోళ్ళ తాత పేరు కొమురయ్య అని తప్ప మా ఇంట్ల ఎవ్వరికి ఏం తెల్వదు, ఫోటో లేదు, ఎప్పుడు పోయిండో కూడా తెల్వదు. రెండేండ్లు తిరిగితే ఆయన నాయిన పేరు, ఆయన దున్నిన చెల్క, అన్నీ పహాణీల (ఏ భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నరు అని రాసే ఊరి రెవెన్యూ లెక్క) అసుంటి పాత కాయితాల మీద దొరికినయి. మా పరకాల దిక్కు వెతికేటోళ్ళు ఇంకా ఉన్నరు, అందుకే నేను చేసిన తీరు రాస్తున్న.

ముందుగాల పేరు పట్టుకొని పోవద్దు, సర్వే నంబర్ పట్టుకోండి. మన దిక్కు తాత పేరు మనుమనికి పెడ్తరు గదా, మల్లయ్య కొడుకు కొమురయ్య, కొమురయ్య కొడుకు మళ్ళ మల్లయ్య, పైగా పాత కాయితాలల్ల ఇంటిపేరు శానా చోట్ల రాయనే రాయరు, ఇగ ఏ మల్లయ్య మనోడో ఎట్ల తెలుస్తది? భూమి మాత్రం ఉన్నకాడనే ఉంటది. ఇంట్ల ముసలోళ్ళను, ముఖ్యంగా ఆడోళ్ళను, "మనం ఎవుసం చేసిన జాగను ఏమని పిలిచేటోళ్ళు" అని అడగండి. మా పెద్దమ్మ "మర్రికింది చెల్క" అన్నది, ఆ చెల్క ఇప్పుడు ఎవరి దగ్గరుందో వాళ్ళ పాస్‌బుక్కుల నంబర్ చూసుకున్న. పంపకాలైతే 112/అ, 112/ఆ అని చీలుతది, మీరు అసలు నంబర్ 112నే పట్టుకోండి.

ఒక్క మాట, ఊర్లె అడిగేటప్పుడు "జాగల పాలు కోసం రాలే, పేర్ల కోసం వచ్చిన" అని మొదలే చెప్పాలె. నేను చెప్పకపోతే ఒక ఇంట్ల తలుపేసుకున్నరు, వాళ్ళ భయం వాళ్ళది.

నంబర్ దొరికినంక వెనకకు నడవాలె. 1954-55 ఖాస్రా పహాణీ అన్నిటికంటె ముఖ్యం, తహసీల్ ఆఫీసుల దరఖాస్తు పెట్టి నకలు అడగండి, ఇయ్యకపోతే సమాచార హక్కు కింద రాయండి. మండలాలు వచ్చింది 1985ల, అంతకుముందు తాలూకాలే, కాబట్టి పాత తాలూకా సెంటర్ల కూడా అడగాలె. ఖమ్మం దిక్కోళ్ళైతే 1953 దాక వాళ్ళది వరంగల్ జిల్లానే అని యాదుంచుకోండి, 1905కు ముందు కరీంనగర్ బదులు ఎలగందల జిల్లా అని ఉంటది.

పహాణీల పట్టాదారు కాలమ్ ఒక్కటే చూసి వాపస్ రావొద్దు. మా నంబర్‌కు పట్టాదారు వేరే పెద్దింటాయన, నా పని అయిపోయిందనుకున్న, పక్కూరి వంశం వెతుకుతున్న ఒక అన్న "కబ్జాదారు కాలమ్ చూడు తమ్మీ" అన్నడు, కబ్జాదారు అంటే భూమి నిజంగ ఎవరి చేతిల ఉన్నదో ఆయన, అండ్ల ఉన్నది మా ముత్తాత పేరు! పట్టా ఒకరిది, చెమట ఇంకొకరిది ఉన్న ఊర్లు మనకాడ ఎన్నో. షిక్మీదారుల (పట్టాదారు పేరు కింద అదే భూమిల హక్కున్నోళ్ళ) పేర్లు చూడండి, 1950 కౌలుదారీ చట్టం కింద రాసిన రక్షిత కౌలుదారుల రిజిస్టర్ కూడా అడగండి. పట్టాలు లేని మనోళ్ళు ఎక్కువ కనపడేది అండ్లనే.

ఇంకా వెనకకు పోతే సేత్వార్ (సర్వే చేసినప్పుడు నంబర్ల వారీగ రాసిన రిజిస్టర్), టిప్పన్ (కొలతలతోని గీసిన భూమి నక్ష), ఇవి సర్వే, భూమి రికార్డుల ఆఫీసుల ఉంటయి, నిజాం కాలం ఫైళ్ళకు తార్నాకల రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నది. మీది జాగీరు ఊరైతే 1949ల జాగీర్లు రద్దయ్యేదాక లెక్కలు జాగీర్దారు దగ్గర వేరేగ ఉండేటివి, అందుకే మీ ఊరు దివానీయా (సీదా సర్కారు కింద), జాగీరా (జాగీర్దారు కింద), సర్ఫెఖాసా (నిజాం సొంత ఆస్తి) అనేది ముందే కనుక్కోండి. సంవత్సరాలు ఫస్లీల (పాత రెవెన్యూ ఏండ్ల లెక్కల) ఉంటయి, మన ఏడాది తెల్వాలంటే 590 కలపండి, 1350 ఫస్లీ అంటే 1940-41.

ఈ పాత కాయితాలు శానా మటుకు ఉర్దూల ఉంటయి. "వల్ద్" అంటే కొడుకు, "జౌజే" అంటే భార్య, "ఫౌత్" అంటే చనిపోయిండు, ఖుష్కి మెట్ట, తరి మాగాణి, రకబా అంటే విస్తీర్ణం. పేర్లే కష్టం, ఎందుకంటే ఉర్దూల అచ్చులు సగం రాయరు, ఒకటే రాతను ఒకరు కొమురయ్య అంటరు, ఇంకొకరు కుమారయ్య అంటరు. అందుకే నేను ఒకే పేజీ ఫోటో తీసి ముగ్గురికి పంపిన, హన్మకొండల రిటైరైన ఉర్దూ సారుకు ఒకటి, పట్వారీల ఇంట్ల పుట్టి ఆ గొలుసు రాత చిన్నప్పటిసంది చూసిన ఒకాయనకు ఒకటి, ఆ పక్కూరి అన్నకు ఒకటి. నేను ఏ పేరు కోసం చూస్తున్ననో ముందుగాల ఎవ్వరికీ చెప్పలే, చెప్తే వాళ్ళకు గూడ అదే కనపడతది. ఇద్దరి చదువు కలిస్తేనే రాసుకున్న, కలవనివి పెన్సిల్‌తోని పెట్టుకున్న. బదులుగ నేను ఆ పేజీల ఉన్న అందరి పేర్లు, నంబర్లు ఎక్కించి వాళ్ళకిచ్చిన, ఎందుకంటే ఒక పేజీల మన ముత్తాత ఒక్కడే ఉండడు, ఇరవై ఇండ్ల ముత్తాతలుంటరు. పక్కూరి అన్నకు వాళ్ళ అమ్మమ్మ పుట్టిల్లు దొరికింది మా ఊరి పేజీలనే.

కాయితం ఆగినకాడ మనుషులను అడగాలె. మాది గొల్లోళ్ళ ఇల్లు, మందహెచ్చులోళ్ళు వచ్చి కాటమరాజు కథ చెప్తరు, గోత్రాలు వాళ్ళకు నోటికే వస్తయి. ఇట్లనే కులం కథలు చెప్పేటోళ్ళు పద్మశాలీలకు కూనపులోళ్ళు, మాదిగోళ్ళకు డక్కలోళ్ళు ఉన్నరు. పోయినసారి మా ఇంటికొచ్చిన పెద్దాయనను కూసోబెట్టి, సేత్వార్ల దొరికిన పేరు చెప్పకుంట మా వంశం చెప్పుమన్న. కొమురయ్య నాయిన మల్లయ్య, మల్లయ్య నాయిన బీరయ్య అన్నడు. సేత్వార్ల ఉన్నది "మల్లయ్య వల్ద్ బీరయ్య".