ప్రజాభిప్రాయ సేకరణలో అంటువ్యాధుల ముప్పును రికార్డుకు ఎక్కించడం ఎలా

గనికో, జలాశయానికో, భారీ పరిశ్రమకో పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో భూమి పరిహారం గురించి, ఉద్యోగాల గురించి, దుమ్ము గురించి మాట్లాడేవారు చాలామంది ఉంటారు. ఈ ప్రాజెక్టు వల్ల జంతువుల వ్యాధులు మనుషులకు సోకే దారి తెరుచుకుంటుందా అని అడిగేవారు మాత్రం అరుదు. మహమ్మారి వచ్చిపడిన తరువాత వైద్యశాఖ చేయగలిగేది దాన్ని అదుపు చేయడమే. అసలు అది పుట్టకుండా చూసే నిర్ణయాలు వేరేచోట, అంటే ఏ అడవిని నరకాలి, కూలీల శిబిరం ఎక్కడ వేయాలి, ఊరి పశువులు ఇకపై ఎటు మేయాలి అన్న దగ్గర జరుగుతాయి. వాటిపై మామూలు మనిషి మాట చట్టప్రకారం నమోదయ్యే వేదికల్లో ఈ సభ ఒకటి కనుక, దానికి సిద్ధమయ్యే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

కేంద్రం 2006 సెప్టెంబరు 14న జారీచేసిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ఈ సభకు ఆధారం. సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ ప్రకటన రావాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్ కార్యాలయంలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడవచ్చు. తెలుగులో దొరికేది సారాంశం ఒక్కటే కాబట్టి దానితో సరిపెట్టుకోకుండా, ఇంగ్లీషు బాగా చదవగలిగిన ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి అసలు నివేదిక చూడటం మంచిది. అక్కడ దొరకని పత్రాల కోసం పెట్టే సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు ఇవ్వడానికి అధికారులకు 30 రోజుల గడువు ఉంటుంది. ప్రకటన చూశాక దరఖాస్తు పెడితే జవాబు సభ ముగిశాకే చేరవచ్చు. అందువల్ల పర్యావరణ అనుమతుల దరఖాస్తులు ఉండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరు కనిపించిన రోజే ఆ పని మొదలుపెట్టాలి.

పత్రాల్లో ముందుగా వెతకవలసింది ఫారం-1, అంటే ప్రాజెక్టు యాజమాన్యం అనుమతి కోసం పెట్టే దరఖాస్తు. నోటిఫికేషన్‌కు జతచేసిన ఈ ఫారంలో, వ్యాధులు సంభవించే తీరు మారుతుందా, దోమల వంటి వ్యాధివాహకాలపై ప్రభావం పడుతుందా అన్న ప్రశ్న మూడో విభాగంలోనే ఉంది. అంటే వ్యాధుల మాట ఎత్తడం మనం కొత్తగా తెచ్చిన పేచీ కాదు, యాజమాన్యం సంతకం చేసి జవాబివ్వవలసిన అంశం. అక్కడ ‘లేదు’ అని రాసి ఉంటే, ఏ సర్వే ఆధారంగా, ఏ నెలల్లో పరిశీలించి అలా రాశారో చెప్పమని అడగడమే మీ వినతిపత్రంలో మొదటి అంశం కావాలి.

తరువాత మీ ప్రాంతానికి నిజంగా వర్తించే వ్యాధి మార్గాన్ని గుర్తించాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే; కరోనా పేరు చెప్పి ఊరుకుంటే ఏ నిపుణుల కమిటీ పట్టించుకోదు. ప్రాజెక్టు కోసం అడవిని నరుకుతుంటే కర్ణాటక అనుభవం పనికొస్తుంది. 1957లో షిమోగా జిల్లాలోని క్యాసనూర్ అడవిలో కోతులు చనిపోతుండగా, చుట్టుపక్కల మనుషులకూ తీవ్రమైన జ్వరాలు వచ్చాయి. పిడుదుల ద్వారా సోకే వైరస్ అందుకు కారణమని తేలింది. అడవి అంచులు తెగి, అక్కడికి పశువులూ కట్టెలు కొట్టుకునే మనుషులూ ఎక్కువగా వెళ్లేకొద్దీ ఆ పిడుదులకు దగ్గరవుతారు. ఈ వ్యాధి ఒకరి నుంచి మరొకరికి పాకదు కాబట్టి మహమ్మారిగా మారలేదు, కానీ అన్ని వైరస్‌ల విషయంలో అలా జరుగుతుందని అనుకోలేము. 1998-99లో మలేషియాలో పందుల పెంపకం పక్కనే పండ్లతోటలు వేయడంతో, గబ్బిలాలు కొరికి పడేసిన పండ్ల ద్వారా నిపా వైరస్ పందులకు, వాటి నుంచి మనుషులకు సోకి 105 మంది మరణించారు. పది లక్షలకు పైగా పందులను చంపవలసివచ్చింది. అదే వైరస్ 2018లో కేరళలోని కోజికోడ్‌లో బయటపడినప్పుడు ఆసుపత్రుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకింది. కాలువలు, జలాశయాల ప్రాజెక్టయితే అడగవలసింది మెదడువాపు వ్యాధి గురించి. దాని వైరస్ కొంగల్లోనూ పందుల్లోనూ పెరుగుతుంది, దాన్ని మోసే దోమలు వరిమళ్ల నీటిలో పుడతాయి.

ఆధారాలు ఊళ్లోనే ఉంటాయి. గత కొన్నేళ్లలో జ్వరాలు ఏ నెలల్లో పెరిగాయో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, పశువులకు వచ్చిన రోగాల గురించి పశువైద్యశాలలోనూ అడగండి. గ్రామ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ రాసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు (ఊరి చెట్లూ జంతువుల వివరాలు నమోదుచేసే పుస్తకం) ఉంటే, గబ్బిలాలు వేలాడే చెట్లు, కోతుల గుంపులు తిరిగే చోట్లు అందులో దొరకవచ్చు. వాటిని పశువుల దారులతో, నీటి గుంటలతో, ప్రతిపాదిత శిబిర స్థలంతో కలిపి ఒక చేతిగీత పటంలో చూపిస్తే అది పది పేజీల వాదన కన్నా బాగా అర్థమవుతుంది.

వినతిపత్రంలో భయం వ్యక్తం చేసి వదిలేయకుండా, అనుమతి పత్రంలో షరతులుగా చేర్చదగిన కోరికలు రాయాలి. నరికివేతను అడవి మధ్యకు చొప్పించకుండా ఒక అంచుకు పరిమితం చేయమని, కూలీలు కట్టెల కోసం అడవిలోకి వెళ్లనవసరం లేకుండా వంటగ్యాసూ మరుగుదొడ్లూ సమకూర్చమని, కోతులు చనిపోతే పశుసంవర్ధక, అటవీ, ఆరోగ్య శాఖలకు వెంటనే తెలియజేసే బాధ్యతను యాజమాన్యంపై పెట్టమని, దోమలూ పిడుదుల సర్వేను పని మొదలుకాక ముందు ఒకసారి, మొదలయ్యాక ఏటా చేయించమని అడగవచ్చు. గబ్బిలాల చెట్లు కొట్టేయమని మాత్రం రాయవద్దు. గూడు చెదిరిన గబ్బిలాలు ఊరి తోటల్లోకి చేరితే ముప్పు తగ్గదు, పెరుగుతుంది.

సభకు జిల్లా కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు, వీడియో తీస్తారు. లిఖిత ప్రతిని కాలుష్య నియంత్రణ మండలికి ముందే ఇచ్చి రసీదు తీసుకోండి. సభలో కూడా ముఖ్యాంశాలను రెండు నిమిషాల్లో చెప్పండి. చివర్లో సభా వివరాల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలన్నది నిబంధన. అప్పటికి జనం లేచి వెళ్లిపోతుంటారు గానీ, మీరు ఆగి వినండి. మీ అంశం అందులో లేకపోతే చేర్చమని అక్కడికక్కడే అడగండి, ఎందుకంటే నమోదైన అభ్యంతరాలకే యాజమాన్యం తుది నివేదికలో సమాధానం చెప్పాలి. పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక అవసరం లేదని వర్గీకరించిన బీ-2 కేటగిరీ ప్రాజెక్టులకు ఈ సభ ఉండదు. వాటి విషయంలో ఇదే వినతిపత్రాన్ని రాష్ట్రస్థాయి నిపుణుల మదింపు కమిటీకి నేరుగా పంపండి.

అనుమతి పత్రం వెలువడగానే షరతుల జాబితా చదవండి. వ్యాధుల అంశాన్ని పట్టించుకోకుండా అనుమతి ఇచ్చారని తేలితే, ఉత్తర్వు తెలియజేసిన నాటి నుంచి 30 రోజుల్లోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అంగీకరించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది, ఆ తరువాత లేదు. రెండు తెలుగు రాష్ట్రాల కేసులను చెన్నైలోని దక్షిణ ధర్మాసనం వింటుంది. రసీదు వేసిన వినతిపత్రాన్ని, సభా వివరాల నకలును అప్పీలుకు జతచేయాలి.