ఎండలు ముదరకముందే పరుపు కొనేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

ఉగాది దాటిందంటే మా కర్నూలులో మిద్దె పగలంతా తాగిన ఎండను అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. మూడేళ్ళ కింద సరిగ్గా అలాంటి ఎండలకు ముందే మా అమ్మకు ఎనిమిది ఇంచుల మెమరీ ఫోమ్ పరుపు కొన్నాను. షాపులో ఏసీ చల్లగా ఉంది. అమ్మ రెండు నిమిషాలు కూర్చుని లేచి "మెత్తగా ఉందిరా, తీసుకో" అంది. మే నెలలో ఒక పొద్దున చూస్తే చాప పరుచుకుని వరండాలో పడుకుని ఉంది. వీపు దగ్గర జాకెట్టు చెమటకు తడిసి అంటుకుపోయింది. నన్ను బాధపెట్టడం ఇష్టం లేక పది రోజులుగా చెప్పలేదట.

తప్పు పరుపుది కాదు, నేను ఎంచుకున్న తీరుది. మెమరీ ఫోమ్ 1966లో నాసా కోసం విమానాల సీట్ల పనిలో పుట్టింది. ఒంటి వేడి తగిలితే మెత్తబడి, ఒంటిని చుట్టూ పట్టుకోవడం దాని గుణం. అలా పట్టుకున్న చోట గాలి ఆడదు. రాత్రంతా ఏసీ వేసే గదిలో ఇబ్బంది లేదు. ఫ్యానే దిక్కయిన గదిలో, అదీ కరెంటు పోయిన రాత్రి, నరకం. అందుకని షాపుకు వెళ్ళే ముందే ఆ పరుపు ఏ గదిలోకో, ఆ గదిలో ఏసీ ఉందో లేదో తేల్చుకోండి. ఏసీ లేకపోతే దూది పరుపు, కొబ్బరి పీచు పరుపు, లేదా లోపల గాలి తిరిగే స్ప్రింగు పరుపు చూడండి. నడుము నొప్పి ఉన్నవాళ్ళు పూర్తిగా కుంగిపోయే మెత్తదనానికీ, బండలాంటి గట్టిదనానికీ మధ్యలో ఉండేది చూసుకోవాలి. షాపులో కూర్చుని చూస్తే తెలియదు. చెప్పులు విప్పి, ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే పావుగంట పడుకోండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, పదేళ్ళు పడుకునేది మీరే.

దూది పరుపు కుట్టించేవాళ్ళు దూదిని కళ్ళముందే చూడాలి. ఆదోని పత్తి మార్కెట్ ఉన్న మా జిల్లాలో కూడా పరుపుల్లో పాలిస్టర్ తుక్కు కలిపే అవకాశం ఉంది. చిటికెడు తీసుకుని బయటికి వచ్చి, నేల మీద పెట్టి అగ్గిపుల్ల తాకించండి. అసలు దూది కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి, ఆరాక గట్టి పూసలా మిగులుతుంది. బూరుగు దూది దిండుకు బాగుంటుంది గానీ పరుపుకు తొందరగా ఉండలు కడుతుంది.

కొలతల దగ్గర చాలామంది మోసపోతారు. మన దగ్గర మంచాలు 72, 75, 78 ఇంచుల పొడవుల్లో వస్తాయి, 'కింగ్ సైజు' అని చెబితే సరిపోదు. టేపుతో మంచం లోపలి కొలత తీసుకుని, రాసుకుని వెళ్ళండి. ఎత్తు కూడా చూడాలి. పెద్దవాళ్ళు మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. వేలాడుతుంటే రాత్రి లేచేటప్పుడు పడిపోతారు. మా అమ్మకు ఇప్పుడున్నది నాలుగు ఇంచుల దూది పరుపు.

ఇక ముఖ్యమైన మాట: ఇంటికి తెచ్చాక ఆ ప్లాస్టిక్ కవరు తీసేయండి. మాసిపోతుందని ఏళ్ళ తరబడి దాని మీదే దుప్పటి పరిచేవాళ్ళను మా వీధిలోనే చూశాను. పక్క తిరిగితే పరపరమంటుంది, చెమట కిందికి దిగక వీపు కింద నీళ్ళలా నిలుస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఆ కవరు ప్రాణం మీదికి తెస్తుంది. మాపు గురించి దిగులైతే ఉతుక్కునే నూలు కవరు కుట్టించండి. ఏడాదిలోపు బిడ్డను మాత్రం కుంగే పరుపు మీద పడుకోబెట్టవద్దు. గట్టిగా, చదునుగా ఉన్నచోట వెల్లకిలా పడుకోబెట్టాలి, పక్కన దిండ్లు పెట్టకూడదు.

కింద పెట్టెలున్న మంచమైతే ప్లైవుడ్‌కు అక్కడక్కడ చిల్లులు వేయించండి. లేకపోతే పరుపు అడుగున చెమ్మ చేరి బూజు పడుతుంది. వారానికోసారి పరుపును ఎత్తి గోడకు ఆనించండి. దోమల చక్రం మాత్రం మంచం కింద ఎప్పుడూ వద్దు. ఫోమ్ అయినా, దూది అయినా నిప్పు రవ్వ పడితే లోపలే రాజుకుంటుంది.

బిల్లు, వారంటీ కార్డు మీద షాపు ముద్ర వేయించుకోండి. ఎంత లోతు గుంట పడితే మారుస్తారో కార్డులో చదవండి, మరకలు పడితే చెల్లదన్న షరతు చాలా కార్డుల్లో ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొంటే, నచ్చకపోతే మీ ఊరి పిన్‌కోడుకు వచ్చి వెనక్కి తీసుకుపోతారో లేదో డబ్బు కట్టకముందే అడగండి. చుట్టగా వచ్చిన పరుపును పరిచి, కిటికీలు తెరిచి, వాసన పోయాకే పడుకోండి.

పాత పరుపును ఆ రోజే ఇచ్చేయకండి. మంచం సందుల్లో, పాత పరుపు కుట్ల వెంట నల్లులున్నాయేమో టార్చి వేసి చూడండి. ఉంటే ముందు మంచం సంగతి తేల్చి, ఆ తర్వాతే కొత్తది పరవండి. నల్లులు లేకుండా దూది బాగుంటే ఎండబెట్టి ఏకించండి, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు మిద్దె మీద పరుచుకోవడానికి పనికొస్తుంది.