పైనుంచి గాలి అందే గొట్టంతో నీటి అడుగున వెతకడం ఎలా?

పడవ తాడు తెగి లంగరు అడుగున ఉండిపోయిందనో, చేతి ఉంగరం నీళ్లలో జారిపోయిందనో మా వైపు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆరేడు మీటర్ల లోతులో ఇలాంటి పనికి వీపున సిలిండర్ మోయక్కర్లేదు. పడవలో చిన్న ఇంజన్, దానికి కంప్రెసర్, అక్కడి నుంచి మీ నోట్లోని రెగ్యులేటర్ (పీల్చినప్పుడు గాలి అందించే మూతి) దాకా పొడవాటి గొట్టం ఉంటే చాలు. ఈ ఏర్పాటును హుక్కా అంటారు.

ముందు కంప్రెసర్ సంగతి. పంక్చర్ షాపులోది పనికిరాదు. దాని నూనె ఆవిరి గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డైవింగ్ కోసం చేసిన, నూనె లేకుండా నడిచే రకమే కొనండి. ఇంజన్ ఆగినా కాసేపు గాలి అందేలా మధ్యలో ట్యాంకు ఉండాలి. పైన గొట్టం తెగితే మీ గాలి వెనక్కి లాగేయకుండా మీ వైపు వన్‌వే వాల్వు కూడా ఉండాలి. గొట్టాన్ని నడుము పట్టీకి కట్టండి, లేకపోతే ఎక్కడైనా చిక్కుకున్నప్పుడు రెగ్యులేటర్ నోట్లోంచి ఊడిపోతుంది. మునగడానికి కట్టుకునే సీసం గుండ్ల బెల్టు అన్నిటికన్నా పైన, ఒక్క చేత్తో విప్పేలా పెట్టుకోవాలి.

అన్నిటికన్నా నాకు భయం పొగ గురించే. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అందుకే గాలి పీల్చే గొట్టం మూతి ఎత్తుగా, గాలి వచ్చే వైపు ఉండాలి, పొగ గొట్టం దానికి ఎదురు వైపు ఉండాలి. మన తీరంలో తెల్లవారుజామున గాలి గట్టు మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఎండెక్కాక తిరగబడి సముద్రం నుంచి ఒడ్డుకు కొడుతుంది. కొత్తపట్నం దగ్గర ఒకసారి ముందూ వెనకా రెండు లంగర్లు వేసి పడవను కదలకుండా కట్టాం. పొద్దున సరిగ్గానే పెట్టిన ఇంజన్, గాలి మారాక పొగంతా నా గొట్టంలోకే పంపింది. పైనున్న తమ్ముడు అది గమనించి నా ఒంటికి కట్టిన తాడు లాగబట్టి తలనొప్పితో బయటపడ్డాను. బావిలో అయితే ఇంజన్ అసలు దించొద్దు. ఆ పొగ పోయే దారే ఉండదు.

కాబట్టి పైన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. అతనికి ఫోను, చేపల వేట, వేరే పని ఏదీ ఉండకూడదు. తాడు ఒకసారి లాగితే బాగున్నావా అని, నాలుగుసార్లు లాగితే పైకి రమ్మని ముందే మాట్లాడుకోండి.

మొదట శిక్షకుడి దగ్గర స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకోండి. మన గజ ఈతగాళ్లకు ఊపిరి బిగబట్టడమే విద్య, ఇక్కడ ఆ అలవాటే ప్రాణం తీస్తుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు ఉంటుంది. అక్కడ నిండిన ఊపిరి పైకి వచ్చేసరికి రెండింతలు అవ్వాలని చూస్తుంది. మీటరున్నర లోతు నుంచి బిగబట్టి వచ్చినా ఊపిరితిత్తి చిట్లవచ్చు. గాలి వదులుతూ, నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా పైకి రండి. దిగేటప్పుడు ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సర్దుకోవాలి. జలుబు ఉన్న రోజు దిగొద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు. ఆ నెలలు వదిలేయండి. అలలు విరిగే చోట ఎప్పుడూ దిగొద్దు. సోమశిల, గుండ్లకమ్మ లాంటి రిజర్వాయర్లలో అయితే ఇరిగేషన్ అధికారుల అనుమతి, సముద్రంలో అయితే మెరైన్ పోలీసులకు కబురు తప్పనిసరి.

వెతికేటప్పుడు ఎటు పడితే అటు ఈదితే బురద లేచి చెయ్యి కూడా కనపడదు. అడుగున బరువు పెట్టి దానికి తాడు కట్టండి. తాడు బిగువుగా పట్టుకుని ఒక చుట్టు తిరిగాక తాడు ఇంకో మీటరు వదిలి మళ్లీ తిరగండి. ఉప్పునీటిలో పల్స్ ఇండక్షన్ రకం మెటల్ డిటెక్టర్ బాగా పనిచేస్తుంది. అది మోగిన చోట చేత్తో విసనకర్రలా ఊపితే ఇసుక తొలగిపోతుంది.

దొరికింది పాతదైతే? 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయ శాసనం వేయించాడు. తుపానుకు దారి తప్పి వచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు, తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటానన్నాడు. అంత పాత రేవులున్న తీరం మనది. కుండ పెంకో, నాణెమో, కొయ్య దుంగో కనపడితే కదిలించకండి. భూమిలో దాగి దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 చట్టం అంటుంది. వందేళ్లు దాటిన వస్తువులకు 1972 పురావస్తు చట్టం ఉంది. ఉన్నచోటే ఫొటో తీసి, గుర్తుగా నీటి పైన తేలే బుడ్డి కట్టి, ఫోనులో లొకేషన్ గుర్తు పెట్టుకుని, అదే రోజు కలెక్టరాఫీసులో రాసివ్వండి.