ట్రాక్ రోబో ఛాసిస్: ఉన్నచోట తిరిగినా ఊడకుండా

ట్రాక్ బండి (చక్రాల చుట్టూ తిరిగే పట్టీల మీద, ట్యాంకులా నడిచేది) తిన్నగా పోతున్నంతసేపు ఏ లోపమూ బయటపడదు. ఉన్నచోట తిప్పినప్పుడే ట్రాక్ పక్కకు ఈడ్చుకుపోయి ఊడుతుంది, మోటర్ కాలుతుంది. కొలతలన్నీ ఆ మలుపు కోసమే తీసుకోవాలి.

నేలకు ఆనే ట్రాక్ పొడవు, రెండు ట్రాక్‌ల మధ్య ఎడానికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. 20 సెం.మీ. పొడవుకు 15 సెం.మీ. ఎడం సరిపోతుంది. అంతకన్నా సన్నగా కడితే తిరగడానికి మొరాయిస్తుంది.

3 కిలోల బండికి 12 వోల్టుల, 100 ఆర్‌పీఎం (నిమిషానికి 100 చుట్లు) గేర్ మోటర్లు రెండు చాలు. ట్రాక్‌ను లాగే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, వ్యాసం 5 సెం.మీ. అయితే సెకనుకు సుమారు 26 సెం.మీ. నడుస్తుంది. ఒక్కో మోటర్ ఆగకుండా 5 కిలో-సెం.మీ. టార్క్ (తిప్పే బలం) ఇవ్వగలగాలి. ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండేది చాలాసార్లు స్టాల్ టార్క్, అంటే మోటర్ తిరగలేక ఆగిపోయినప్పటి బలం, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మోటర్లకు కరెంటు అందించే డ్రైవర్ బోర్డును మాత్రం స్టాల్ కరెంటును (అలా ఆగిపోయినప్పుడు లాగే కరెంటు) బట్టే ఎంచుకోవాలి. ఎల్298ఎన్ అనే డ్రైవర్ రెండు వోల్టులో, అంతకన్నా ఎక్కువో తానే మింగి వేడెక్కుతుంది కాబట్టి మాస్‌ఫెట్ (తక్కువ వోల్టేజీ మింగే ట్రాన్సిస్టర్) డ్రైవర్ మేలు.

అడుగుకు 3 మి.మీ. అల్యూమినియం పలక. మోటర్ బిగించేటప్పుడు ఎం3 స్క్రూ పొడవు చూసుకోండి: ఎక్కువైతే గేర్‌బాక్స్‌లోకి దిగి పళ్లకు అడ్డుపడుతుంది, మోటర్ పాడైందని అనుకుంటాం. స్ప్రాకెట్‌ను పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) మోటర్ షాఫ్ట్ చదునుభాగం మీదే కూర్చోవాలి. స్క్రూ వదులవకుండా పట్టే నీలిరంగు థ్రెడ్‌లాకర్ జిగురు ఒక్క చుక్క వేయండి, ప్లాస్టిక్‌కు తగలనివ్వకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ పగులుతుంది.

ఇక అసలు పని. స్ప్రాకెట్, మధ్య చక్రాలు, ఐడ్లర్ (రెండో చివర మోటర్ లేకుండా తిరిగే చక్రం) అన్నీ ఒకే గీతలో ఉండాలి. పక్కన స్టీలు స్కేలు ఆనించి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఒక మిల్లీమీటరు తప్పినా ట్రాక్ ఆ వైపుకే పాకుతుంది. ఐడ్లర్ ఇరుసుకు గుండ్రటి రంధ్రం కాక 10 మి.మీ. పొడవు గాడి కోస్తే బిగువు సర్దుకోవచ్చు. పై వరుసను మధ్యలో వేలితో నొక్కితే 5 మి.మీ. దిగాలి. వదులైతే మలుపులో ఊడుతుంది. బిగుసుకుంటే ఇరుసులు తిరిగే బుష్‌లు అరుగుతాయి, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

బ్యాటరీని అడుగున, మధ్యలో ఉంచి, ప్లస్ తీగకు ఫ్యూజ్ వేయండి. మోటర్లు ఎదురెదురుగా ఉంటాయి గనుక ఒకదాని తీగలు తారుమారు చేయాలి. లేకపోతే ముందుకు పొమ్మంటే గిరగిర తిరుగుతుంది.

గరుకు నేల మీద రెండు వైపులా పదేసి చుట్లు తిప్పి, మోటర్లను తాకి చూడండి. ఒకటే ఎక్కువ వేడెక్కితే ముందు ఆ వైపు ట్రాక్ బిగువు చూడండి.