వాయిస్ లాక్ మొరాయిస్తోందా? లేక ఎవరికి పడితే వాళ్లకి తెరుచుకుంటోందా?

ముందు ఒకటి తేల్చుకోండి. మీరు చెప్పిన మాట ఫోన్‌కి అర్థమవుతోంది కానీ లాక్ తీయడం లేదంటే, మైకు బాగానే ఉంది. మాట్లాడింది మీరేనని దానికి నమ్మకం కుదరడం లేదు. కింద చెప్పేవన్నీ ఈ గొంతును గుర్తుపట్టే పని గురించే.

నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ ఒప్పుకోవడం లేదు

జలుబు కారణం కావచ్చు. సిస్టమ్ మీ గొంతు లక్షణాలను అంకెలుగా మార్చి దాచుకుంటుంది. మాట్లాడిన ప్రతిసారీ పోల్చి ఒక స్కోరు వేస్తుంది. ముక్కు దిబ్బడ వేస్తే మ, న లాంటి అక్షరాల మోత మారిపోయి ఆ స్కోరు పడిపోతుంది. తగ్గేదాకా పిన్ వాడండి. జలుబుతో ఉండగా మాత్రం గొంతును మళ్లీ నమోదు చేయకండి. చేస్తే, తగ్గాక మీ మామూలు గొంతే దానికి కొత్తగా అనిపిస్తుంది.

ఫోన్‌లో నేరుగా మాట్లాడితే సరే, బ్యాంకు లాంటి చోటికి చేసే కాల్‌లో అయితే తిరస్కరిస్తోంది

పాత తరహా ఫోన్ కాల్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ (ధ్వని ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) మధ్య ధ్వనినే మోస్తుంది. స, ష లాంటి వాటిలోని పదును చాలావరకు ఆ పైనే ఉంటుంది. కాల్ సమయంలో కొన్ని బ్లూటూత్ హెడ్‌సెట్లూ ఇలాగే ధ్వనిని కుదిస్తాయి. అందుకే రోజూ ఏ దారిలో వాడతారో ఆ దారిలోనే నమోదు చేయండి. ఫ్యాన్ ఆపి, మైకును ఎప్పుడూ పట్టుకునేంత దూరంలోనే ఉంచి, పాఠం అప్పజెప్పినట్టు కాకుండా మామూలుగా మాట్లాడండి.

పోనుపోను తిరస్కరణలు పెరుగుతున్నాయి

వయసుతో గొంతు మారుతుంది, టీనేజీ అబ్బాయిల్లో మరీ త్వరగా. పాతది తీసేసి మళ్లీ నమోదు చేస్తే చాలు.

వేరేవాళ్ల గొంతుకి తెరుచుకుంటోంది

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. కొన్నిసార్లు దీన్ని మనమే తెచ్చిపెట్టుకుంటాం. తిరస్కరణలతో విసుగెత్తి, సెట్టింగుల్లో కచ్చితత్వం తగ్గిస్తాం. సరిపోలాల్సిన స్కోరు తగ్గితే మీతో పాటు మీ గొంతుకి దగ్గరగా ఉన్న తోబుట్టువులకీ దారి దొరుకుతుంది. 2017లో ఒక బీబీసీ విలేకరి కవల సోదరుడు, ఆ విలేకరి గొంతును అనుకరించి బ్యాంకు వాయిస్ తనిఖీని దాటేశాడు. వాళ్లు ఒకే పోలిక కవలలు కూడా కారు. తగ్గించిన సెట్టింగును వెంటనే వెనక్కి పెంచండి.

తర్వాత ఒక పరీక్ష చేయండి. మీ లాక్ వాక్యాన్ని ఇంకో ఫోన్‌లో రికార్డు చేసి, మైకు దగ్గర వినిపించండి. తెరుచుకుందా? అయితే రికార్డింగుకీ మనిషికీ తేడా దానికి తెలియడం లేదు. ప్రతిసారీ కొత్త అంకెలు చదవమనే పద్ధతి ఉంటే ఆన్ చేయండి, పాత రికార్డింగులు ఆగుతాయి. కానీ ఏఐతో తయారుచేసిన నకిలీ గొంతు ఆ అంకెలను కూడా చదివేస్తుంది. దాన్ని తయారుచేయడానికి మీరు ఎక్కడో పెట్టిన చిన్న వీడియో సరిపోవచ్చు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, గొంతును ఎలా మార్చుకుంటాం?

కాబట్టి డబ్బుకి సంబంధించిన చోట గొంతు ఒక్కదాన్నే తాళంగా ఉంచకండి. పిన్ గానీ, ఆథెంటికేటర్ యాప్ (కొద్దిసేపటికోసారి కొత్త కోడ్ చూపే యాప్) కోడ్ గానీ జత చేయండి. జత చేసే వీలు లేకపోతే వాయిస్ లాగిన్ ఆపేసి, మీ గొంతు నమూనాను తొలగించమని ఆ సంస్థకు రాతపూర్వకంగా అడగండి.