రెండు యూఎస్‌బీ మైకులూ ఒకే పేరుతో కనిపిస్తే ఏది ఏదో ఎలా తేల్చుకోవాలి?

మీరు విశాఖ జాలారిపేటలో పెద్దవాళ్ల చేత చేపల వేట కబుర్లు చెప్పించి రికార్డు చేయాలనుకున్నారు. ద్వారకానగర్‌లో ఒకే రకం కాలర్ మైకులు రెండు కొని ల్యాప్‌టాప్‌కు తగిలించారు. జాబితాలో రెండూ 'యూఎస్‌బీ ఆడియో డివైస్' అనే కనిపిస్తున్నాయి. అడిగేవారి మైకు ఏది, చెప్పేవారి మైకు ఏది?

ముందుగా ఆ పేరు ఎక్కడ నుంచి వస్తుందో తెలియాలి. తగిలించగానే పరికరం తన వివరాలను కంప్యూటరుకు చెప్పుకుంటుంది. తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య తప్పనిసరి. తయారీదారు పేరు, ఉత్పత్తి పేరు, క్రమసంఖ్య (సీరియల్ నంబరు) ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. పేరును అన్ని భాషల అక్షరాలకూ చోటున్న యూనికోడ్‌లోనే పంపుతుంది కాబట్టి తెలుగులో రాసినా అడ్డు లేదు. అయితే చవక మైకుల్లో చిప్పు ఒకరిది, పెట్టె మీద బ్రాండు మరొకరిది. చిప్పులో మొదటి నుంచీ ఉన్న మొక్కుబడి పేరును మార్చే ఓపిక బ్రాండువాళ్లకు ఉండదు.

విండోస్ దీనికి తన వంతు చేరుస్తుంది. పరికరం తాను మైకునని చెబితే ముందు 'మైక్రోఫోన్' అని, ఆ పక్కన బ్రాకెట్లో పరికరం పేరు పెడుతుంది. అదే పేరుతో రెండోది వస్తే బ్రాకెట్లో '2-' తగిలిస్తుంది. మన వీధిలో ఇద్దరు అప్పలరాజులుంటే పొడుగు, పొట్టి అని చేర్చి పిలుస్తాం. విండోస్‌కు ఆ పోలిక తెలియదు, వచ్చిన వరుసే తెలుసు.

ఇక పని మొదలుపెట్టండి.

1. ఒక మైకునే తగిలించండి. సౌండ్ సెట్టింగ్స్ జాబితాలో కొత్తగా చేరినది అదే. దాని మీద వేలితో తట్టి, ధ్వని స్థాయి చూపే గీత కదులుతోందో లేదో చూడండి.

2. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి ఆ మైకును తెరిచి, 'రీనేమ్' నొక్కి 'అడిగేవారు' అని పెట్టండి. మారేది ముందు మాటే, బ్రాకెట్లోది అలాగే ఉంటుంది. తెలుగు పేరు చక్కగా పనిచేస్తుంది. పాత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని మాత్రం ప్రశ్నార్థకాలు చూపిస్తాయి, అలాంటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే నయం.

3. రెండోదాన్ని వేరే పోర్టులో తగిలించి అదే చేయండి. రికార్డింగ్ ప్రోగ్రాం తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరవండి.

4. ఇప్పుడు పోర్టుల పక్కన టేపు అంటించి ఏది ఎవరిదో రాయండి. చాలామంది వదిలేసేది ఈ పనినే. చవక మైకుల్లో క్రమసంఖ్య సాధారణంగా ఉండదు. అది లేకపోతే విండోస్ పరికరాన్ని తగిలించిన పోర్టును బట్టే గుర్తుపడుతుంది. మైకులను అటూ ఇటూ మార్చితే 'అడిగేవారు' పేరు కింద చెప్పేవారి గొంతు వస్తుంది. మూడో పోర్టులో పెడితే కొత్త పరికరమనుకుని మళ్లీ ఆ మొక్కుబడి పేరుతోనే చూపిస్తుంది.

చిప్పు అసలు పేరు చూడాలంటే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో 'బస్ రిపోర్టెడ్ డివైస్ డిస్క్రిప్షన్' ఎంచుకోండి. పెట్టె మీది బ్రాండుకూ అక్కడి మాటకూ పొంతన లేకపోయినా కంగారు పడకండి.

మ్యాక్‌లో యూఎస్‌బీ మైకు పేరు మార్చే వీలు లేదు. మ్యాక్‌తో వచ్చే ఆడియో మిడీ సెటప్ యాప్‌లో 'ఆగ్రిగేట్ డివైస్' (కొన్ని పరికరాలను ఒకటిగా కలిపినది) సృష్టించి, రెండు మైకులనూ అందులో చేర్చి, దానికి మీకు నచ్చిన పేరు పెట్టండి. రెండోదానికి 'డ్రిఫ్ట్ కరెక్షన్' టిక్ పెట్టడం మరవకండి, లేకపోతే గంటసేపు సాగే కబుర్లలో రెండు గొంతులూ మెల్లగా ఎడమవుతాయి.

లినక్స్ కూడా ఉత్పత్తి పేరునే తీసుకుంటుంది. అది లేకపోతే తయారీదారు, ఉత్పత్తి సంఖ్యలు రెండింటితో ఒక పేరు అల్లేస్తుంది. అక్కడ పోర్టును బట్టి పేరు పెట్టే నియమాన్ని, తగిలించిన పరికరాల సంగతి చూసే యూడెవ్ అనే భాగంలో రాసుకోవచ్చు.

ఒక పోర్టును చాలా పోర్టులుగా మార్చే హబ్ వాడేవారికి ఒక మాట: హబ్‌నే వేరే పోర్టుకు మార్చితే, దానికున్న మైకులన్నిటి దారీ మారుతుంది, పేర్లు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సి వస్తుంది.